పది నుంచి పన్నెండు దాకా

ఠక్. ఠకఠక్. ఠక్.

కళ్ళు తెరవక ముందే ఆ చప్పుడు చెవిలో ఉండేది. చిత్తూరులో మా వీధికి తెల్లవార్చడం సూర్యుడి పని కాదు, మా అబ్బా ఇమాంసాహెబ్ సుత్తి పని. మొదటి దెబ్బకు కాకులు లేచేవి. రెండో దెబ్బకు ఎదురింటి వాకిట్లో నీళ్ళు పడేవి. మూడో దెబ్బకు నేను లేచేదాన్ని.

మాది ట్రంకుపెట్టెలు చేసే ఇల్లు. ముందు గదిలో కార్ఖానా, వెనుక రెండు గదుల్లో కాపురం. నడుమ గోడ ఉంది గాని తలుపు లేదు. నేల మాత్రం అంతా ఒకటే, వీధి గడప నుంచి పెరటి గడప దాకా పరిచిన కడప బండలు. రేకు మోగే ఇంట్లో మనిషి గొంతు ఎంతని నిలుస్తుంది? అందుకే మా ఇంట్లో పేరు పెట్టి పిలిచే అలవాటు ఏనాడో పోయింది. అబ్బా సుత్తితో బండ మీద కొట్టి పిలిచేవాడు. ఒకటి కొట్టి, ఆగి, ఇంకొకటి కొడితే అమ్మ. వరుసగా మూడు కొడితే అన్న జియావుల్లా. రెండు జంటగా కొడితే నేను, రిహానా. వదిన ఖమర్ సూళ్లూరుపేట నుంచి కాపురానికి వచ్చిన వారానికే ఆమెకూ ఒక దరువు కుదిరింది. పేర్లు రేషన్ కార్డులో ఉండేవి, దరువులు ఇంట్లో తిరిగేవి.

అన్న బిడ్డ రుహీ పుట్టిన నాడు అబ్బా ఆమె కుడి చెవి దగ్గర నోరు పెట్టి అజాన్ చెప్పాడు. ఏడో నాడు ఆమెకు దరువు కట్టాడు. ఠక్, ఠకఠక్, ఠక్. ఇంట్లో అందరి దరువుల కన్నా అందమైనది అదే. పాకే వయసు నుంచీ ఆ దరువు పడితే చాలు, బిడ్డ మెడ తిప్పేది, నవ్వేది, బండలు చరుచుకుంటూ కార్ఖానాలోకి వచ్చేసేది. చూసి మురిసిపోయేవాళ్ళం. మా తప్పంతా ఆ మురిపెంలోనే ఉంది.

ఏడాదికి మాకు ఒకటే కాలం, పెట్టెల కాలం. చలి తగ్గుతూనే రేకులు దిగుతాయి, జులైలో హాస్టళ్ళు నిండేదాకా సుత్తి ఆగదు. ఆ కాలంలో నా పని మూతల మీద పేర్లు రాయడం. నలుగురి ముందు నోరు మెదపలేని నేను, ఎక్కడెక్కడి పిల్లల పేర్లనో తెల్ల పెయింటుతో గుండ్రంగా రాసేదాన్ని. ఒక్కరినీ పిలవకుండా వందల పేర్లు రాశాను. నేను చెబుతున్నది మొన్నటి పెట్టెల కాలం సంగతి.

ఫిబ్రవరి మొదట్లో వదిన పుట్టింటి నుంచి తిరిగి వచ్చింది. సంచి దించలేదు, రెండేళ్ళు దాటిన బిడ్డను చంక దించలేదు, నిలబడే చెప్పింది. రాకెట్టు ఎగిరిన సాయంత్రం సూళ్లూరుపేటలో కిటికీ అద్దాలు అదిరాయట. వీధిలో పసిపిల్లలంతా ఉలిక్కిపడి ఏడ్చారట. మిద్దెల మీద జనం కేకలు వేశారట. దూలానికి కట్టిన చీర ఉయ్యాలలో రుహీ మాత్రం రెప్ప కదపకుండా నిద్రపోయిందట.

“ధైర్యం గల్ల బిడ్డ,” అన్నాడు అబ్బా. “మన రేకు చప్పుట్లో పెరిగిందానికి రాకెట్టొక లెక్కనా?”

అందరం నవ్వాం. వదిన నవ్వలేదు. దానికి వినపడలేదు మామా, అంది మెల్లగా.

యాభై ఏళ్ళు రేకు కొట్టిన చెవులు అబ్బావి. ఆయనకు మెల్లగా చెబితే అందదు, అందేలా చెబితే వీధిలో దాగదు. ఆయన ముందుకు వంగి “ఆ?” అన్నాడు. వదిన గొంతు పెంచి మళ్ళీ చెప్పింది. ఆ మాట వీధి చివర సోడా బండి దాకా వెళ్ళింది.

ఇక సలహాలు మొదలయ్యాయి. నాలుక కింద నరం కోయించమని ఒకరు, వస అరగదీసి పోయమని ఒకరు, వెల్లుల్లి నూనె చెవిలో వేస్తే వారంలో వినపడుతుందని ఫోనులో చూశామని ఇంకొకరు. జియావుల్లా కూడా నాలుగేళ్ళ దాకా మాట్లాడలేదని అమ్మ అందరికీ చెప్పింది. వదిన తల్లి తాయెత్తు పంపింది. తాయెత్తును వదిన బిడ్డ మెడలో కట్టింది, నూనె సీసాను మాత్రం పెరట్లో పారబోసింది.

ఆ శుక్రవారం నమాజు నుంచి వస్తూనే అబ్బా ఈ గొడవను తేల్చేయాలనుకున్నాడు. గుమ్మం దగ్గర ఇరుగుపొరుగు నిలబడే ఉన్నారు. రుహీ వెనుక గదిలో మాకు వీపు పెట్టి కూర్చుని, చిన్న మూతలను ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటోంది.

“ఆ చెవిలో నేను అజాన్ చెప్పినాను,” అన్నాడు అబ్బా. “అది చెవిటిదంటే నేనెట్ల ఒప్పుకుంటాను? సూడండి.”

సుత్తి ఎత్తి బండ మీద దరువు వేశాడు. రుహీ చటుక్కున తిరిగి చూసి, ముందు పళ్ళన్నీ కనబడేలా నవ్వింది.

“యాడుండాది చెవుడు?”

గుమ్మం దగ్గర నవ్వులు. వదిన తల వంచుకుంది. నేను నా ముందున్న పెయింటు డబ్బాలోకి చూస్తున్నాను. డబ్బా బండ మీద ఉంది. దరువు పడినప్పుడు తెల్ల పెయింటు మీద సన్నని వలయాలు లేచాయి. ఒకటి, వెంటనే జంటగా రెండు, మళ్ళీ ఒకటి. దరువు మొత్తం పెయింటుకు కూడా తెలిసింది. పెయింటుకు చెవులు లేవు.

కుంచె పక్కన పెట్టి వెళ్ళి రుహీని ఎత్తి చంకన వేసుకున్నాను, ఆమె ముఖం నా మెడ వైపు, వీపు అబ్బా వైపు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

“ఇప్పుడు కొట్టబ్బా.”

కొట్టాడు. రుహీ నా చెవి జుంకాను పట్టుకుని తిప్పుతోంది. మళ్ళీ కొట్టాడు. ఈసారి బండ మీద కాదు, నిలబెట్టిన పెద్ద రేకు మీద. గుమ్మంలో కుక్క లేచి పరుగెత్తింది. రుహీ జుంకా రాయిలో మెరుస్తున్న వెలుగును వేలితో గోకుతోంది. మూడోసారి ఎత్తిన సుత్తి ఎత్తినట్టే ఉండిపోయింది. కాసేపటికి ఆయన దాన్ని చప్పుడు కాకుండా కింద పెట్టాడు.

మా ఇంట్లో సుత్తి చప్పుడు లేకుండా దిగడం నేను చూసింది అదే మొదటిసారి.

తిరుపతికి వదినా నేనూ బిడ్డను తీసుకుని బస్సెక్కాం. అబ్బా రాలేదు, అన్నను సీజను వదల్లేదు. పెద్దాసుపత్రిలో బిడ్డను నిద్రపుచ్చి, తలకు తీగలు అంటించి, చెవి నుంచి మెదడుకు కబురు అందుతోందో లేదో చూశారు. రెండు వైపులా అందడం లేదన్నారు. కొన్ని వారాలు మామూలు చెవి మిషను పెట్టి చూడాలి, అది చాలకపోతే కాక్లియర్ ఇంప్లాంట్ వేయాలి, చెవి లోపల సన్నని తీగ, తల బయట చిన్న మిషను. ఏది చేసినా త్వరగా చేయాలి. మాట నేర్చుకునే దారి వయసుతో పాటు ఇరుకైపోతుంది. ఇంతే చెప్పగలిగారు, మా వెనుక ఇంకా ముప్పై మంది ఉన్నారు. ఆ పెద్ద మాటను కాగితం మీద రాయించుకుని బయటి బల్ల మీద కూర్చున్నాం. దాని గురించి ఎవరిని అడగాలో కూడా మాకు తెలియదు. వదినకు ఏడుపు ఆగలేదు.

బల్ల ఆ చివర కూర్చున్నాయన మమ్మల్నే చూస్తున్నాడు. పంచె, భుజాన తువ్వాలు. పక్కన ఏడేళ్ళ ఆడపిల్ల, రెండు జడలు, జడల పైన తలకు రూపాయి బిళ్ళంత నల్లని బిళ్ళ అతుక్కుని ఉంది.

“ఏడ్సినంత సేపు ఏడ్సమ్మా, ఆ తర్వాత నన్ను అడుగు,” అన్నాడాయన. “నేనూ ఈ బల్ల మీదనే కూసోని ఏడ్సినోడినే.”

పేరు మునస్వామి. కాణిపాకం పక్కన చెరకు రైతు. పిల్ల నందిని, ఆపరేషనై నాలుగేళ్ళయింది. పరాయి మనుషులతో మాట్లాడలేని నేను, చీటీ వెనుక ప్రశ్నలన్నీ రాసి ఆయనకు ఇవ్వబోయాను. కళ్ళజోడు తేలేదు, నోటితో అడుగమ్మా, అన్నాడు. అడిగాను. తల పగలగొడతారా? వానలో తడిస్తే ఎట్లా? పడుకునేటప్పుడు తీయాలా? ఆయన ఒక్కొక్కదానికి జవాబు చెబుతుంటే, నందిని తన తల మీది బిళ్ళను తీసి చూపించి మళ్ళీ పెట్టుకుంది. చర్మం కింద లోపల అయస్కాంతం ఉంటుందట, బయటిది దాన్ని పట్టుకుని నిలుస్తుందట. బిళ్ళ తీసినప్పుడు ఎవరైనా తిడితే తనకు భలే సుఖంగా ఉంటుందని కూడా చెప్పింది.

మునస్వామి తీపి మాటలు చెప్పలేదు. “ఆపరేషను గంటల పని, ఆ తర్వాతి పని ఏండ్లు. మిషను పెట్టంగానే మాట్లాడతాదని ఎవురన్నా చెప్తే నమ్మొద్దు. బిడ్డకు చప్పుడు మిషను ఇస్తాది. అర్థం మనమే ఇయ్యాల.”

ఇట్లాంటి తల్లిదండ్రులు నలభై మంది దాకా ఉన్న ఫోను గ్రూపులో నన్ను చేర్చాడు. తిరుగు బస్సులో వదినకు అవన్నీ చదివి వినిపించాను. ప్రభుత్వ పథకానికి ఏ కాగితాలు కావాలి, బ్యాటరీ ఎన్నాళ్ళు వస్తుంది, మాట నేర్పే మేడమ్ ఏ రోజుల్లో ఉంటుంది. ఏర్పేడు నుంచి ఒక తల్లి, కొడుకు తొలిసారి ‘అమ్మా’ అన్న గొంతును పంపింది, అది ‘అబ్బా’ లాగా ఉంది. ఇంప్లాంటు పని చేయని బిడ్డ తండ్రి ఒకాయన సైగల భాష నేర్చుకున్నాడు. ‘నా కూతురు రెండు చేతులతో నన్ను తిడతాది, నాకది సాలు’ అని రాశాడు. అది విని వదిన కొంగుతో ముఖం తుడుచుకుని నవ్వింది. వెళ్ళేటప్పుడు ఇద్దరమే ఉన్నాం. వచ్చేటప్పుడు మా వెంట నలభై ఇళ్ళు వచ్చాయి.

చెవి మిషన్లు చాలలేదు. ఏప్రిల్‌లో ఆపరేషన్ జరిగింది. గాయం మానాక, మే నడుమ, బయటి మిషను పెట్టే రోజున అబ్బా కూడా వచ్చాడు. రంజాన్‌కు కుట్టించిన చొక్కా తొడుక్కుని, అద్భుతం చూడబోయేవాడిలా ముందు వరుసలో కూర్చున్నాడు. మిషను కలపగానే ఆయనకు అలవాటైన గొంతుతో గట్టిగా అరిచి పలకరించాడు, “బేటీ!” అని. బిడ్డ గుడ్లు తేలేసి, గుక్కపట్టి ఏడ్చి, తల మీది బిళ్ళను పీకి విసిరేసింది. అబ్బా చేతులు ఒడిలో ముడుచుకున్నాడు.

మాట నేర్పే మేడమ్ ఆయనను ఓదార్చింది గాని నియమాలు సడలించలేదు. ఇకపై బండ మీద కొట్టి పిలవకూడదు, నేల మీద కాలితో తట్టకూడదు. వెనుక నుంచి పేరుతో పిలవాలి, ఆగాలి, మళ్ళీ పిలవాలి. ఇంట్లో ఒకే భాష మాట్లాడండి, ఏది మాట్లాడతారు, అని అడిగింది.

“కోపం తెలుగులో, ముద్దు ఉర్దూలో,” అన్నాడు అబ్బా.

అయితే కొన్నాళ్ళు ఉర్దూనే మాట్లాడండి, అని నవ్విందామె. ఆఖరు నియమం చెప్పినప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు. రోజుకు రెండు గంటలు ఇంట్లో మోత ఉండకూడదు. అబ్బాకు నేను గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

“మే నెలలో సుత్తి ఆపేదా?” అన్నాడు. “పెండ్లిలో మేళం ఆపమన్నట్లుండాది.”

తండ్రి మాట ఏనాడూ దాటని మా అన్న, మరునాడు పది కొట్టగానే సుత్తి పక్కన పెట్టి చేతులు కడుక్కున్నాడు. అబ్బా ఒక్కడే కొడుతూ ఉన్నాడు. ఆ రెండు గంటలూ నేను ఒక పెద్ద పెట్టె మూత తీసుకుని, ఎవరి పేరూ రాయకుండా, ఈ మాటలు రాశాను. ‘పది నుంచి పన్నెండు దాకా ఇక్కడ పెట్టెలు కొట్టబడవు. మా రుహీ వింటూ ఉంటుంది.’ తీసుకెళ్ళి వీధి తలుపుకు తగిలించాను.

అబ్బాకు తెలుగు చదవడం రాదు. ఏం రాసినావు, అన్నాడు. చదివాను. “ఆ?” అన్నాడు. వీధంతా వినేలా మళ్ళీ చదివాను. ఒక్క అక్షరం కూడా తప్పలేదు.  ఆయన తువ్వాలు భుజాన వేసుకుని టీ అంగడికి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి పదికి వెళ్ళడం, పన్నెండుకు రావడం. అలిగినవాడు అలిగినట్టే ఉన్నాడు, సుత్తి మాత్రం ఆగింది.

బిళ్ళ కనబడకుండా పిల్ల తలకు రుమాలు కట్టమని ఇరుగుపొరుగు చెప్పారు. ఆడపిల్ల కదా, రేపు సంబంధాలకు కష్టమన్నారు. వదిన మరునాడు బిడ్డకు రెండు పిలకలు ఎత్తి కట్టింది, బిళ్ళ నడివీధిలో నుంచి కూడా కనబడేలా.

జూన్‌లో అరవై పెట్టెలకు ఆర్డరిచ్చిన ప్రైవేటు హాస్టలు యజమాని జయచంద్ర వచ్చాడు. పదిన్నర అయింది. కార్ఖానాలో సుత్తి లేదు. వెనుక గదిలో వదిన తెరచాటు నుంచి బిడ్డను పిలుస్తోంది, ఆగుతోంది, పిలుస్తోంది. బిడ్డ ఇంకా తిరగడం లేదు. జయచంద్ర గుమ్మంలో నిలబడి బోర్డు చదివి, గొంతెత్తాడు. వారంలో పిల్లలొస్తారు, సగం పెట్టెలు కూడా కాలేదు, ఒక చెవిటిపిల్ల కోసం అంగడి మూస్తారా, ఇదేం వ్యాపారం అని. అన్న లేచి ఏదో చెప్పబోయాడు. అప్పటికే అబ్బా, జయచంద్ర మా ఇంటి వైపు రావడం చూసి, టీ అంగడి నుంచి వచ్చి అతని వెనుక నిలబడి ఉన్నాడు. అంత గట్టిగా అన్న మాట ఆయనకు కూడా అందింది.

“చెవిటోడిని నేనప్పా,” అన్నాడు అబ్బా. “బిడ్డ వింటా ఉండాది. మెల్లగా మాట్లాడు.”

 జీవితమంతా ఎదుటివాళ్ళను ‘ఆ?’ అని అరిపించిన మనిషి, ఎవరితోనైనా మెల్లగా మాట్లాడమనడం మేం ఎరగం. తనను తాను చెవిటివాడననడం అసలే ఎరగం. నీ పెట్టెలు నీ దినానికి వస్తాయి, తెల్లారి ఒక గంట ముందు లేస్తాం, అయినా తొందరైతే వేరే అంగడి చూసుకో, అని కూడా చెప్పి పంపాడు. పెట్టెలు చెప్పిన రోజుకే వెళ్ళాయి.

మరునాటి నుంచి అబ్బా టీ అంగడికి వెళ్ళలేదు. పది నుంచి పన్నెండు దాకా వీధి గడప మీద కాపలా కూర్చున్నాడు. మైకు పెట్టుకుని వచ్చే ఉల్లిపాయల ఆటోను చెయ్యెత్తి ఆపేవాడు. రుహీ మొదట తలుపు గడియ చప్పుడుకు తల ఎత్తింది. తర్వాత కుక్కర్ కూతకు. జులై మొదటి వారంలో ఒక పూట వదిన తెర వెనుక నుంచి పిలిస్తే తిరిగింది. ఆ పూట వదిన వంద సార్లు పిలిచింది, బిడ్డ అరవై సార్లన్నా తిరిగింది. ఆ తర్వాత అందరం పిలిచాం. అబ్బా మాత్రం పిలవలేదు.

మునస్వామి మామిడిపండ్ల బుట్టతో, నందినితో వచ్చాడు. పెట్టెలోకి తొంగి చూసిన నందిని తల మీది బిళ్ళ ఠక్కున ఊడి మూతకు అతుక్కుంది.

“నా చెవి మీ పెట్టెకు నచ్చింది తాతా,” అంది ఆ పిల్ల. అబ్బా కడుపారా నవ్వాడు, మన రేకుకు అతుక్కునేదేదైనా మన వస్తువేనన్నాడు. నందిని బిళ్ళ తగిలించుకుని ఆయన ఎదుట కూర్చుంది. నువ్వొక్కడివే రుహీని పిలవవంట, ఎందుకు, అని అడిగింది. ఆయనకు అందేలా అడగడం ఆ పిల్లకు బాగా తెలుసు, ముఖానికి ముఖం పెట్టి, మాట మాట విడదీసి.

అబ్బా గడప వైపు చూశాడు. “నా గొంతు నాకే వినపడదు బిడ్డా. ఎంత గట్టిగా పోతాందో నాకేం తెలుసు? ఆ పొద్దు ఆసుపత్రిలో సూసినావు కదా రిహానా, దాన్ని ఎట్ల ఏడిపించినానో.”

“నాకూ మొదట్లో తెలీదు,” అంది నందిని. ఆయన చేతిని పట్టుకుని, ఆయన గొంతు మీదే పెట్టింది. “ఈడ అదురుతాది సూడు. సుత్తి మాదిరి అదిరితే ఎక్కువ. పిల్లి పడుకున్నట్లు అదిరితే సరిపోతాది.”

జులై ఆఖరి వారంలో చివరి బండి పెట్టెలతో వెళ్ళిపోయింది. కార్ఖానా ఖాళీ. పదిన్నర. రుహీ వెనుక గదిలో కూర్చుని ఉంది, మా వైపు వీపు. కింద నాలుగు మడతల బొంత వేసి ఉంచాం, బండలు ఆమెకు ఏ కబురూ మోయకుండా. ముందు మూతల దొంతర.

అబ్బా గడప మీది నుంచి లేచాడు. చెప్పులు విడిచాడు. అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి, బొంతకు రెండు బారల దూరంలో నేల మీద కూర్చున్నాడు. చేతిలో ఏమీ లేదు. వదిన కూర తరుగుతున్న కత్తిపీట దగ్గర చేయి ఆపింది. అన్న గుమ్మానికి ఆనుకున్నాడు. తలుపు మీది బోర్డు గాలికి ఒకసారి కదిలి ఆగింది.

ఆయన కుడి చేతిని గొంతు మీద పెట్టుకున్నాడు. పెదవులు కదిలాయి. అది సుత్తి కింద అరిచే గొంతు కాదు. పుట్టిన బిడ్డ కుడి చెవి దగ్గర వంగిన నాటి గొంతు. వేళ్ళ కింద గొంతు అదిరీ అదరనంత మెల్లగా అన్నాడు గనుక, అన్నానో లేదో ఆయనకే తెలియలేదు. రుహీ చేతిలోని మూత దొంతర మీద ఆగడం, రెండు పిలకలు కదలడం, మెడ ఇటు తిరగడం చూశాకే తెలిసింది, తాను పిలిచానని. ఏ దరువూ లేకుండా, మా అబ్బా నోట తొలిసారిగా వచ్చిన ఆ పేరు,

“రుహీ.”